ఏడో నంబరు ఎలుక

ఏడో నంబరు ఎలుక మళ్లీ ఆగిపోయింది.

అది ఆగకూడదు.

మెదడులో డోపమైన్‌ను అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. వాటిని తట్టి లేపే మందు సూదితో ఇచ్చాక, ఎలుక ఒకే మూలకు వెళ్తుంది. వాసన చూస్తుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ అక్కడికే వెళ్తుంది. గంటకు వందసార్లు. ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కపెట్టడమే హిమజ ఉద్యోగం.

ఊళ్లో వాళ్లంతా జావా నేర్చుకుని మాదాపూర్ బస్సెక్కుతున్న రోజులవి. ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న ఈ అమ్మాయి మాత్రం బోయిన్‌పల్లి నుంచి మౌలాలి ల్యాబుకొచ్చి ఎలుకల తిరుగుడు లెక్కపెడుతోంది. ఇంట్లో ఇప్పటికే నవ్వుతున్నారు.

“మందు సరిగ్గా ఇచ్చినవా?” అడిగాడు ల్యాబు పెద్ద రామ్మోహనరావు.

“ఇచ్చిన సార్.”

“మరి ఏడోది మూడు రోజుల సంది ఎందుకు ఆగుతున్నది?”

“అదే సమజైతలేదు సార్.”

“శుక్రవారం రిపోర్టు ఇయ్యాలె. లెక్క కుదరకపోతే ప్రాజెక్టు బంద్. ఇగ నువ్వు సుత జావా నేర్చుకో.”

రిపోర్టు మొదటి వాక్యాన్ని హిమజ కీబోర్డు చూడకుండా కొట్టగలదు. ‘పేషెంట్ నంబర్ వన్‌లో మందు వల్ల కనిపించిన ప్రవర్తనను ఎలుకల్లో పరిశీలించడం ఈ ప్రయోగం ఉద్దేశం.’ ఆ తర్వాత రాయాల్సిన అంకెలే కుదరడం లేదు.

దానికి తోడు ఈ కొత్త మనిషొకడు. ఎలుకలకు మేత వేసే లోవలక్ష్మి సెలవు పెట్టి, తన బదులు మామగారు నూకయ్యను పంపింది. ఆ ల్యాబులో అది మామూలే, ఒకరు రాకపోతే ఇంట్లోంచి ఇంకొకరు వస్తారు. నూకయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చేతులు గజగజ వణుకుతాయి. మేత సగం గిన్నెలో పడితే సగం నేలపాలు.

పొద్దున్నే చుక్కేసుకుని వస్తున్నాడని హిమజ అనుమానం.

“ఇదెన్నిసార్లు తిరిగిందమ్మా?” మొదటి రోజే అడిగాడు.

“నూట పన్నెండు.”

“అలుపు రాదేటి దానికి?”

“మేత ఏసి పోన్రి తాతా.”

“ఇష్టమయ్యి తిరగట్లేదమ్మా అది. ఆపుకోలేక తిరుగుతంది.”

ఎలుక మనసు ఈయన చెప్పాలా అని ఆమెకు ఒళ్లు మండింది.

గురువారం ఏమీ తోచక, తను భోజనానికి వెళ్లే అరగంట వీడియో టేపు వెనక్కి తిప్పి చూసింది.

ఏడో పెట్టెలోకి ఒక వణికే చెయ్యి దిగింది. ఎలుక మీద మెల్లగా ఆనింది. ఎలుక తప్పించుకుంది. చెయ్యి మళ్లీ ఆనింది. కాసేపటికి ఎలుక ముడుచుకుని పడుకుంది. చెయ్యి మాత్రం వణుకుతూనే దాని మీద ఉండిపోయింది.

హిమజ పరుగున వెళ్లి నూకయ్యను నిలదీసింది.

“ఎలుకను ముట్టిన్రా?”

“సెయ్యేసేను తల్లీ. ఆగింది.”

“ఆగొద్దు తాతా! మూడు రోజుల కష్టం ఖరాబైంది! ఇన్నిట్ల ఏడోదే దొరికిందా?”

“అదొక్కటే పెట్టె గొళ్లెం కాడికి పోయి పోయి వత్తంది తల్లీ.”

గొళ్లేనికీ, చెయ్యెయ్యడానికీ సంబంధమేమిటో ఆమెకు బోధపడలేదు. అర్థంకానితనం కోపమైంది.

“తాగొచ్చి నా ఎలుకలతోటి ఆటలేంది?” అంది, అందరూ వినేలా.

నూకయ్య చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు. వెళ్లిపోయాడు.

ఏడోదాన్ని లెక్కలోంచి తీసేస్తే అంకెలు కుదిరాయి. ప్రాజెక్టు నిలబడింది. హిమజకు సంతోషంగానే ఉంది, కానీ ఆ దాచుకున్న చేతులు ఎందుకో పదేపదే గుర్తొస్తున్నాయి.

పది రోజులకు లోవలక్ష్మి పనిలోకి వచ్చింది.

“సెలవులు మంచిగ గడిచినయా?”

“నాకు సెలవెందుకు మేడమ్? మా మావే అడిగేడు. ‘నువ్వు ఇంటికాడుండు, ఆ ఎలకల్ని ఒక్కపాలి సూసొత్తాను’ అన్నాడు.”

“ఎందుకు?”

“సెప్పనేదు. మా మావది వణుకుడు రోగం మేడమ్. మాత్రేస్తే వణుకు తగ్గుద్ది గానీ బుర్ర ఒకే పని మీద పడిపోద్ది. అందుకే వణికినా పరవాలేదని డాక్టరుతో సెప్పి మాత్ర తగ్గించుకున్నాడు. ఇక్కడినుంచి వచ్చిన కాడినుంచి మళ్లీ నిండా మింగుతున్నాడు. సుక్క ముట్టని మనిషి, వణికితే తాగుబోతంటన్నారంట.”

హిమజ సిగ్గుతో చితికిపోయింది.

సాయంత్రం లోవలక్ష్మి వెంట లాలాగూడ వెళ్లింది.

నూకయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. చేతులు వణకడం లేదు. పాత తాళంకప్పను స్క్రూడ్రైవరుతో విప్పుతున్నాడు, ముక్కలు వరసగా పెడుతున్నాడు, బిగిస్తున్నాడు, మళ్లీ విప్పుతున్నాడు.

“తప్పైంది తాతా, మాఫ్ చెయ్యిన్రి.”

నూకయ్య ఇంకో స్క్రూ విప్పాడు.

హిమజ పక్కన కూర్చుని ఆయన చేతి మీద చెయ్యి వేసింది. ఆయన లాక్కున్నాడు. మళ్లీ వేసింది. చాలాసేపటికి స్క్రూడ్రైవరు ఆగింది.

“ఇదెన్నోసారమ్మా?”

“లెక్కపెట్టలేదు తాతా.”

“మంచి పని సేసేవు.” అన్నాడు నూకయ్య. “నాలా ఇంకొకడు అవ్వకూడదు, ఎలకల మీద సూడండని డాక్టరుగార్ని బతిమాలింది నానే. అయ్యి ఇంతలా తిరుగుతాయనుకోలేదు తల్లీ.”

హిమజ చెయ్యి తియ్యలేదు. రోజూ చూడకుండా టైపు చేస్తున్న ‘పేషెంట్ నంబర్ వన్’ చెయ్యి అది.