వెదురు చాటు

పెరటి గడప మీద కూర్చుని పసిదానికి పాలిస్తున్న ఆమె తలెత్తేసరికి, కంచె అవతలి కిటికీలో ఓ ముసలాయన కనిపించాడు.

చూపు ఇటే ఉంది.

గబుక్కున పిల్లను దుప్పట్లో చుట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పాలు సగంలో ఆగిన పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది.

ఆ ఇంట్లోకి వచ్చి వారమే అయింది. రేకుల కప్పు కింద ఒక్కటే గది. మధ్యాహ్నానికి పొయ్యిలా కాగుతుంది. పిల్ల వీపంతా చెమటకాయలు. పెరట్లో నీడపట్టున కూర్చుంటేనే ఇద్దరికీ ప్రాణం కుదుటపడేది.

కానీ పెరటికి ఉన్నది తీగల కంచె. కంచెకు మూడు నాలుగు అడుగుల్లో ఆ కిటికీ.

మర్నాడూ ఆయన అక్కడే ఉన్నాడు. ఆ మర్నాడూ ఉన్నాడు.

భర్త లారీ మీద పోతే వారానికోసారి వస్తాడు. వచ్చిన రోజు ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. గోడ ఇప్పట్లో కాదు, వెదురు పెడదాం అన్నాడతను.

ఏడు మొక్కలు వచ్చాయి. నాటడానికి వచ్చిన నర్సరీ మనిషిని ఆమె ప్రశ్నలతో చంపేసింది. పాకుతుందా, పునాది పగులుతుందా, పాములు చేరతాయా, పిల్లకు గుచ్చుకుంటుందా.

"ఇది పాకే రకం కాదమ్మా. ఉన్నచోటే పొద కడుతుంది," అన్నాడతను. మొదటి ఏడాది వేళ్ల పనే చూసుకుంటుందని, పైకేమీ కనిపించలేదని తనను తిట్టుకోవద్దని, నీళ్లు మాత్రం తప్పకూడదని చెప్పాడు.

"ఇది అడ్డమొచ్చేసరికి మనమ్మాయి కాలేజీకి పోతుంది," అని నవ్వి, భర్త లారీ ఎక్కేశాడు.

ఆమె పిల్లను చంకన వేసుకుని, రెండో చేత్తో బకెట్ ఈడ్చుకుంటూ ఏడింటికీ నీళ్లు పోసేది. పోసినంతసేపూ కిటికీకి వీపు పెట్టేది.

వానలకు పిలకలు లేచాయి. సగం ఇటు, సగం కంచె అవతల. అవతలవి ఆయన విరిచేస్తాడేమోనని రోజూ లెక్క చూసుకునేది.

ఓ సాయంత్రం వెదురు సందుల్లోంచి ఒక చెయ్యి కనిపించింది. చేతిలో డబ్బా. మొదళ్లలో ఏదో పోస్తోంది.

ఆమె గబగబా కంచె దగ్గరికి వెళ్లింది.

"ఏంటది? ఏం పోస్తున్నారు?"

"నీళ్లేనమ్మా."

"మా చెట్లకు మీరెందుకు పోస్తారు?"

ఆయన ఊపిరి కూడదీసుకుంటున్నట్టు వినిపించింది.

"ఇటువైపు ఎండ ఎక్కువ. మొదళ్లు ఆరిపోతున్నాయి."

"మా చెట్లు మేం చూసుకుంటాం. మీరు ముట్టుకోకండి. ఇటు చూడకండి కూడా."

అంత మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"సరేనమ్మా."

డబ్బా చప్పుడు ఇంటివైపు వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆయన కిటికీలో లేడు. అప్పుడప్పుడు దగ్గు మాత్రం వినిపించేది.

రెండో వానాకాలం దాటేసరికి వెదురు ఒక్కటే పచ్చటి తెర అయింది. కిటికీ కనబడదు. ఆ ఇల్లే కనబడదు. ఆమె గడప మీద హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంది. పిల్ల రాలిన ఆకులు ఏరి తల్లి ఒళ్లో పోసింది.

వేసవి మొదట్లో దగ్గు కూడా ఆగిపోయింది.

పీడా పోయింది అనుకుంది. నాలుగు రోజులయ్యాక, ఆ పెరట్లో తన గొంతు, పిల్ల గొంతు తప్ప మరో మనిషి అలికిడి లేదని తోచింది. భర్త రావడానికి ఇంకా మూడు రోజులుంది. తనతో తనే మాట్లాడుకుంటూ గిన్నెలు తోముకుంది.

తర్వాత మూడు వారాలకు వెదురు ఎండటం మొదలుపెట్టింది. ఇటువైపు కాదు, అటు. ఎన్ని బకెట్లు పోసినా అటు ఆకులు పండి రాలిపోతున్నాయి.

ఇంకేముంది, ఏదో పోశాడు.

పిల్లను ఎత్తుకుని వీధి చుట్టూ తిరిగి వెళ్లింది. దారంతా అనాల్సిన మాటలు వరుసగా పేర్చుకుంది. తలుపు తీసిన ఇంటావిడతో ఆయన్ను పిలవమంది.

"పోయి నెల కావస్తోంది కదమ్మాయ్. ఆస్పత్రికి నడిచే వెళ్లాడు. తిరిగి రాలేదు. నీకు తెలీదా?"

ఎలా తెలుస్తుంది. మధ్యలో వెదురుంది.

ఇంటావిడ ఆయన అద్దెకున్న గది చూపించింది. ఒక మంచం, కుర్చీ. పట్టపగలే దీపం వేయాల్సినంత చీకటి. ఉన్న ఒక్క కిటికీకీ వెదురు కొమ్మలు ఒత్తుకుని ఉన్నాయి.

ఆమె కొమ్మలు పక్కకు నెట్టి కిటికీలోంచి కిందికి చూసింది. ఏడు పొదల మొదళ్లకూ మోకాలెత్తు మట్టి ఎగదోసి ఉంది. నీళ్లు నిలవడానికి పొడుగునా పాదు తీసి ఉంది. పాదు బీటలు వారింది.

"నేను వద్దన్నాను," అంది ఆమె మెల్లగా. "పోయొద్దని చెప్పాను."

"చెప్పావట. నువ్వు పిల్లను నిద్రపుచ్చే వేళ చూసుకుని పోసేవాడు."

"మరి రోజంతా ఇక్కడెందుకు కూర్చునేవారు?"

ఇంటావిడ కుర్చీ మీది దుమ్ము చేత్తో తుడిచింది.

"ఆయాసం మనిషి. ఆ కాస్త గాలీ వచ్చేది ఇక్కడినుంచే. కిటికీ మూసుకుపోతోంది, ఇటు కొమ్మలు కొట్టించుకోవయ్యా అని నేను పోరుతూనే ఉన్నాను. 'చంటిబిడ్డ తల్లి, ఆమెకు చాటు కావాలి, ఇంకొంచెం నీళ్లు పోస్తే పూర్తిగా కమ్ముకుంటుంది' అని డబ్బా పట్టుకుని వెళ్లేవాడు."