రెండో గొంతు

చెల్లి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. "నేనింకా పాడనేలేదు. ఇందులో నా గొంతెలా ఉంది?"

రికార్డిస్టు తల వంచుకున్నాడు.

"అది నీది కాదు. నీ వంతు కూడా నేనే పాడాను," అంది అక్క.

ఇద్దరూ కవలలు. పదకొండేళ్లుగా సొంతంగా పాటలు కట్టుకుని, ఒకే మైకు ముందు నిలబడి పాడుతున్నారు.

"అంటే ఇక నాతో పనిలేదన్నమాట."

రికార్డిస్టు మెల్లగా బయటికి వెళ్లి తలుపు వేశాడు.

"మొన్న నువ్వు స్నానం చేస్తుంటే నీకు ఫోనొచ్చింది. డాక్టరుగారు. నేనెత్తగానే నువ్వే అనుకుని అంతా చెప్పేశారు."

చెల్లి చెయ్యి మెడ మీదికి వెళ్లింది. రెండు నెలలుగా బొంగురు తగ్గడంలేదు. "ఏమన్నారు?"

"శుక్రవారమే ఆపరేషనట. అప్పటిదాకా పాడొద్దన్నారు. ఆ తర్వాత మాట వస్తుంది గానీ, పాట సంగతి చెప్పలేమన్నారు. నీకెలా చెప్పాలో తెలియక పాట పాడేశానే."

చెల్లి అద్దాల గదిలోకి వెళ్లి మైకు సరిచేసుకుంది.

"ఆయన్ని పిలు. నువ్వు పాడింది తీసెయ్యమను. ఇవాళింకా బుధవారమే."