రానివాళ్ళ ఇంటికి

బాలమణి ఈ గురువారం కూడా రాలేదు.

వనపర్తిలో స్వచ్ఛంద సంస్థవాళ్ళ రేకుల షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్ళు చాప మీద గుండ్రంగా కూర్చుని గుమ్మం వైపు చూస్తున్నారు. అందరూ మొగుళ్ళను పోగొట్టుకున్నవాళ్ళే.

"రెండు వారాలాయె. ఏమైందో ఏమో," అంది లక్ష్మీదేవమ్మ.

"రేపు నేను పోత," అంది భీమమ్మ.

రాని మనిషి ఇంటికి మరునాడు ఒకరు వెళ్ళి చూసి రావాలి. ఆ కట్టుబాటు పెట్టింది బాలమణే. ఈ మూడేళ్ళలో ఎవరు రాకపోయినా తనే బయలుదేరేది. అందుకే పోయిన వారం ఇంకొకరు వెళ్ళాలని ఎవరికీ తోచలేదు, ఆమె ఇల్లు ఎలా ఉంటుందో కూడా ఒక్కరికీ తెలియదు. అందరి గడపలూ తొక్కిన మనిషి గడప ఎవరూ తొక్కలేదు.

భీమమ్మకు మొదటి రోజు బాగా గుర్తు. పన్నెండు గురువారాలు కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకోవాలని సంస్థ తరఫున వసంత మేడం పిలిచింది. భీమమ్మ నోరు కుట్టేసినట్టు మూలన కూర్చుంది. ఆమె వెనకే, బోసి నుదురుతో ఒక మనిషి వచ్చి గుమ్మంలో నిలబడింది. మేడం ఆ ముఖం చూసి, "రా అమ్మా, కూర్చో," అంది. ఆ మనిషి వచ్చి భీమమ్మ పక్కన కూర్చుంది. ఆ నుదురు చూశాక ఇంకేమడుగుతారు? అడిగితే పుండు మీద కారం చల్లినట్టే కదా.

నాలుగో వారం భీమమ్మ నోరు విప్పింది.

"తెల్లారంగనే మా ఇంటాయన వంకాయల గంప సైకిల్ మీద పెట్టుకోని కొత్తకోటకు పోయిండు. లారీ గుద్దింది. పోయిండంటె పోయిండు, రాత గట్లున్నది అనుకుంటుంటి. గానీ ఆ లారీ ఆగలే. జర దిగి దవాఖాన్ల ఏసినా బతికెటోడేమో. గంటసేపు పానంతోనే ఉన్నడంట."

అందరూ ఏడ్చారు. బాలమణి ఆమెను ఒళ్ళోకి తీసుకుని మరీ ఏడ్చింది. తన మొగుడు కిష్టయ్య సొంత చెల్లెళ్ళు కూడా అంత ఏడవలేదని భీమమ్మకు అనిపించింది. తన వంతు వచ్చినప్పుడు మాత్రం బాలమణి తల అడ్డంగా ఊపి, "నాది చెప్పెటందుకు ఏం లేదు," అనేది. గుండెలో ఎంత బరువుందో అని ఎవరూ బలవంతపెట్టలేదు.

పన్నెండో వారం మేడం అందరి చేతులూ పట్టుకుని, "మీరు గట్టిపడ్డారు. ఇక రానవసరం లేదు," అంది.

భీమమ్మ ఆమె చేయి వదల్లేదు. "పన్నెండు వారాలకే దుఃఖం ఒడుస్తదా మేడం?"

"షెడ్డు తాళంచెవి మాకియ్యు మేడం," అంది బాలమణి. "మాకు మేమే కూసుంటం."

అప్పటి నుంచి ఒక్క వారం తప్పలేదు. తమలో ఒకతైన చిన్నమ్మ బిడ్డ కాన్పుకూ వాళ్ళే, జములమ్మ ఇంటి కప్పు కూలితే తాటాకులు కప్పిందీ వాళ్ళే. భీమమ్మ చేనులో పల్లి పీకే రోజుల్లో బాలమణి రెండు రోజులుండి నడుము విరిగేలా పనిచేసింది. కూలి ఇస్తే కోపగించుకుంది. "తోడబుట్టినదాని కంటె ఎక్కువైనవక్కా," అంటే ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె లేకుంటే తను ఏ బావిలోనో తేలేదాన్నని భీమమ్మ పదిమందిలో చెప్పేది.

మేడం పాత హాజరు పుస్తకంలో బాలమణి ఊరి పేరు దొరికింది. తెలకపల్లి. రెండు బస్సులు మారాలి. నాగర్‌కర్నూల్లో దిగినప్పుడు భీమమ్మకు ఆశ్చర్యం వేసింది. ఇక్కడా సంస్థవాళ్ళ షెడ్డుంది, ఇక్కడా ఇవే మీటింగులు. పక్కనున్నది వదిలేసి వారం వారం అంత దూరం ఎందుకొచ్చినట్టు? వెర్రిబాగుల మనిషి, అనుకుని నవ్వుకుంది.

తెలకపల్లిలో అడిగి పట్టుకున్న ఇంట్లో నులకమంచం మీద ఒక మగమనిషి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"బాలమణక్క ఇల్లు ఇదేనా అన్నా?"

"ఇదే. నీళ్ళకు పోయింది. నాకు కామెర్లయినయని యాడికీ కదుల్తలేదు. కూసో."

"నువ్వు అక్కకు ఏమైతవు?"

"ఇంటాయనను. ఏసురత్నం."

భీమమ్మ నిలబడిపోయింది. గోడకు శిలువ బొమ్మ క్యాలెండరు వేలాడుతోంది. అప్పుడు అర్థమైంది. ఆ నుదుట బొట్టు లేనిది మొగుడు పోయి కాదు. కిరస్తానీ ఇంటి ఆడవాళ్ళు బొట్టు పెట్టుకోరు. పదకొండు మందిలో ఒక్కరికైనా తట్టలేదు.

"నీ పేరేందమ్మా?"

"భీమమ్మ. కొత్తకోట కాడి నుంచొచ్చిన."

అతను గోడ వైపు తిరిగిపోయాడు.

బిందెతో లోపలికొచ్చిన బాలమణి ఆమెను చూసి గడపలోనే ఆగిపోయింది.

"మూడేండ్లు మా ఏడ్పులు ఇన్కుంట, ఇంటికొచ్చి మొగనికి బువ్వ పెట్టినవా అక్కా?" అంది భీమమ్మ.

"మీరే గట్ల అనుకున్నరు. కాదంటె లేచి పొమ్మంటరని ఊకున్న."

"పొమ్మంటె పోయేదుండె. అన్నీ ఉన్నదానివి, రెండు బస్సులెక్కి నా పక్కకే వచ్చి కూసునుడు ఎందుకు? నీకేం పోయిందని ఏడ్చినవు?"

బాలమణి బిందె దించింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ మంచం వైపు చూసింది.

"నువ్వుండు, నేను చెప్త," అంటూ ఏసురత్నం మంచం పట్టె పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

"ఆ లారీ నడిపింది నేనే చెల్లె."