గాలి తిని బలిసే తీగలు

"కత్తి ఇలా తే," అంది ఉమామహేశ్వరి గుమ్మంలోంచే.

సింహాచలమ్మ తలెత్తలేదు. అడ్డాకు మీద అడ్డాకు పేర్చి, వెదురుపుల్ల గుచ్చి తుంచింది. ఎల్లుండి పక్కపేట గోల్‌మురిలో పెళ్ళి. ఇంకా రెండొందల విస్తళ్ళు కుట్టాలి.

"ఏ కత్తి?"

"నా ప్లాటులో తీగలు నరికిన కత్తి."

ఉమామహేశ్వరి వెనక ఫారెస్టు గార్డు సూరజ్ నిలబడి ఉన్నాడు. అతనిదీ ఈ సిద్ధగోరా బస్తీయే, రెండు వీధుల అవతల. "దే దో మౌసీ, ఇచ్చెయ్ పిన్నీ," అన్నాడు నేల చూస్తూ. "ఆఫీసులో చూపించాలి."

సువర్ణరేఖ నది అవతలి కొండ మీద ఉమామహేశ్వరి పరిశోధన చేస్తోంది. పొగ పెరిగేకొద్దీ గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది. మొక్కలకు అది తిండే. దాన్ని తిని అడ్డతీగలు చెట్లకంటే వేగంగా బలుస్తాయి, మీదికెక్కి అడవిని కూల్చేస్తాయి అన్నది ఆమె వాదం. ఆ మాటతోనే ఆమెకు పేరొచ్చింది. ఆరేళ్ళుగా అక్కడి ప్లాటులో ముప్పై ఏడు తీగలకు రేకు బిళ్ళలు కట్టి, లావు కొలిచి రాసుకుంటోంది. వచ్చే నెల ఢిల్లీ నుంచి నిపుణులొచ్చి తామే టేపు పట్టి కొలుస్తామన్నారు. ఇంతలో ఎవరో ముప్పై ఏడింటినీ మొదలంటా నరికి లోయలోకి తోసేశారు.

"నేను ఆకు కోత్తాను, తీగ ముట్టుకోను," అంది సింహాచలమ్మ. "తీగ పోతే రేపు ఆకెక్కడిది? నా నోటికాడి కూడు నేనే తన్నుకుంతానా?"

"ఆకు కోసుకునే పాసు మీద అటు వెళ్ళేది నువ్వొక్కదానివే. అవి ఎంత వేగంగా పెరుగుతున్నాయో, నువ్వేం పాడుచేశావో నీకేం తెలుసు?"

సింహాచలమ్మ మొదటిసారి తలెత్తింది. నవ్వింది.

"పెరగడమా? ఇరవయ్యేళ్ళుగా ఆ తీగలే పట్టుకుని కొండెక్కుతన్నాను. అప్పుడు నా గుప్పిటికి ఎంతున్నాయో ఇప్పుడూ అంతే ఉన్నాయి. ఆ ఎర్రమట్టిలో సారమేదీ? సారం నేకుండా ఒట్టి గాలి తిని ఏటి బలుత్తాయి? నిన్నెవులో మోసం సేసినారు."

"నోర్ముయ్!"

ఆ అరుపుకి సూరజ్ ఉలిక్కిపడ్డాడు.

"సంతకం పెట్టడం రానిదానివి, నాకు పాఠం చెబుతావా? సూరజ్, రాయి. తప్పు ఒప్పుకుందని రాయి."

"ఒప్పుకోలేదు కదా మేడమ్."

"నేను చెప్పింది రాయి."

సూరజ్ రాశాడు. సింహాచలమ్మ వేలు పట్టి ముద్ర వేయించింది ఉమామహేశ్వరే. ఆ కాగితంలో ఏముందో ముసలామెకు చదివి వినిపించలేదు.

మర్నాడు ఫారెస్టు ఆఫీసులో పావుగంటలో అంతా తేలిపోయింది. సింహాచలమ్మ పాసు రద్దు. మళ్ళీ అడవిలో కనిపిస్తే కేసు. ప్లాటు పూర్తిగా ధ్వంసమైందని, ఇక కొలవడానికేమీ మిగల్లేదని ఆఫీసరు సంతకంతో ఉమామహేశ్వరి ఒక ఉత్తరం తీసుకుంది.

"పాత కొలతల పుస్తకం కూడా ఫైల్లో పెడదామా మేడమ్?" అడిగాడు సూరజ్.

"అవసరం లేదు."

వరండాలో సింహాచలమ్మ ఆమెకు అడ్డం నిలబడింది.

"ఈ వయసులో నన్ను ఎవులింట్లో అంట్లు తోమమంతావు? సెప్పు. తీగలు నరికితే మళ్ళీ సిగురేత్తాయి. మనిషి కూడు నరికేత్తే?"

"దీన్ని పక్కకు తప్పించు," అంది ఉమామహేశ్వరి. ముసలామెతో కాదు, సూరజ్‌తో.

సూరజ్ సింహాచలమ్మ భుజం పట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని విదిలించుకుని, అతని మొహంలోకి చూసి, "థూ!" అని మెట్లు దిగిపోయింది.

ఆ వారమే ఢిల్లీవాళ్ళు ప్రయాణం మానుకున్నారు. సింహాచలమ్మ అగ్రికో కాలనీలో రెండిళ్ళలో పనికి కుదిరింది. దారిలో ఎదురుపడితే సూరజ్‌ని చూసి మొహం తిప్పుకునేది. అతనికి అన్నం సయించడం మానేసింది. తను రాసింది అబద్ధమేమో. కాకపోతే? ఆమే నరికి ఉంటే?

పదిహేను రోజుల తర్వాత, ఏనుగుల లెక్క కోసం చెట్లకు కట్టిన, వాటంతటవే ఫొటోలు తీసే కెమెరాల కార్డులు మార్చడానికి కొండెక్కాడు. వాటిలో ఒకటి ఆ ప్లాటు వైపే తిరిగి ఉంది. కార్డు తీసి, ఆఫీసు ట్యాబులో పెట్టి, బండమీద కూర్చున్నాడు. సింహాచలమ్మ బొమ్మ ఒక్కటి దొరికితే చాలు. తను రాసిన కాగితం నిజమైపోతుంది. ఈ రాత్రి కంటినిండా నిద్రపోవచ్చు.

ఏనుగులు. అడవిపంది. మళ్ళీ ఏనుగులు. నెత్తిన ఆకుమోపుతో సింహాచలమ్మ, ఖాళీ చేతులు ఊపుకుంటూ వెళ్ళిపోతోంది. ఆమె వెనక తీగలన్నీ అలాగే ఉన్నాయి.

తర్వాతి ఫొటో మర్నాటిది, మిట్టమధ్యాహ్నం. సగం తీగలు నేలమీద ఉన్నాయి. ఒక మనిషి వంగి మిగతావి నరుకుతోంది. తలకు తువ్వాలు చుట్టి ఉంది. దాని తర్వాతి ఫొటోలో ఆ మనిషి నడుం నిలబెట్టి, చెమట తుడుచుకుంటూ కెమెరా వైపు తిరిగింది.

సూరజ్ రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు.

ఆ మొహం ఉమామహేశ్వరిది.