రెండువేల సైటేషన్లు

మెదడులో భయం ఎక్కడ పుడుతుందో కనిపెట్టి పేరు తెచ్చుకున్న ప్రొఫెసరు, శిష్యుడు రాసుకొచ్చిన కొత్త పరిశోధన పేపరు తెరిచాడు. మొదటి పేజీలోనే తన సిద్ధాంతం గురించి ఉంది: "ఈ సిద్ధాంతం తప్పని పలువురు తేల్చారు."

అంతే, శిష్యుడి గొంతు పట్టుకుని ల్యాబులోని ఫ్రీజరు తలుపుకేసి కొట్టాడు. పక్కనున్న ఎలుకల బోను దబ్బున కింద పడింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెడతావురా? రెండువేల మంది తమ పేపర్లలో నా పేపరు పేరు చెప్పుకుని సైట్ చేశారు. నువ్వెంత, నీ బతుకెంత?"

ఈసారి మూతిమీద గుద్దు పడింది. శిష్యుడి పెదవి చిట్లి తెల్లకోటంతా రక్తమైంది. అయినా అతను చెయ్యెత్తలేదు.

"ఆ రెండువేలల్లో ఒక్కటైనా చదివారా సార్?"

"అంకె కళ్ళముందు కనపడుతుంటే చదవడం దేనికిరా?"

"నేను చదివాను. ఎవర్ని చూసినా మీది తప్పని చెప్పడానికే సైట్ చేశారు."

ప్రొఫెసరు పిడికిలి గాల్లోనే ఆగిపోయింది.

శిష్యుడు కింద పడ్డ కాగితాల్లోంచి రెండో పేజీ తీసి ఆయన ముఖం ముందు పెట్టాడు.

"ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చేసి చూశాను సార్. మీరు చెప్పిందే నిజం. ఆ మాట రాసింది నేనొక్కణ్ణే."

ఆ పేజీతోనే నోటి రక్తం తుడుచుకుని, నలిపి చెత్తబుట్టలో పడేసి వెళ్ళిపోయాడు.