నారింజ తెరచాప

"మళ్ళీ వాడేనా?"

చుక్కాని దగ్గర్నుంచి అతను అరిచిన అరుపుకి, కింద కేబిన్‌లో నవ్వు టక్కున ఆగిపోయింది. భార్య రేడియో కట్టేసి, మెట్ల మీంచి తల బయటపెట్టింది.

"వాడెవడండీ? గాలి ఎటు తిరుగుతుందో కనుక్కుంటున్నా."

"గాలి సంగతికి అన్ని ఇకఇకలూ పకపకలూ దేనికి?"

ఆమె వేడినీళ్ళు పోసిన అన్నం పొట్లం అతని ఒళ్ళో పడేసి, చుక్కాని అందుకుంది.

సముద్రం మీద పందెం మొదలై పద్నాలుగు రోజులైంది. పడవకి ఇద్దరే మనుషులు. ఒకరు నాలుగు గంటలు నడిపితే రెండోవారికి నిద్ర. ఉన్నది ఒకటే పరుపు, అదీ ఎప్పుడూ తడే. ఇన్ని రోజుల్లో ఆమె అతనితో అన్నవి మూడే మాటలు. "లేవండి", "తాడు లాగండి", "నీళ్ళు తోడారా?"

సాయంత్రమైతే మాత్రం రేడియోలో అరగంట కబుర్లు. ఎవరితో? ముందుపోతున్న నారింజ తెరచాప పడవతో! పందేనికి ముందు రేవులో ఆ పడవ నడిపే జులపాలవాడు ఈవిడ తాడుకి ముడి వేసిపెట్టడం, ఈవిడ మురిసిపోవడం అతను కళ్ళారా చూశాడు. వాడికీ పెళ్ళాం ఉంది, ఆ పడవలోనే ఉంది. పాపం, ఆవిడ నిద్రపోయే వేళ చూసి మొదలెడుతున్నాడన్నమాట.

మర్నాడు అతను చుక్కాని కట్టేసి డెక్ మీద చిరిగిన తెరచాప కుడుతుంటే, సాయంత్రం కాకుండానే కింద నుంచి భార్య గొంతు వినపడింది.

"నీతో అయితే ఎంత హాయిగా ఉంటుందో! లేదు, ఈయనకింకా చెప్పలేదు. ఒడ్డు చేరాక చెప్తాలే. గొడవ చేస్తారు."

సూది వేలిలో దిగింది. అతనికి నొప్పి తెలియలేదు.

ఆ మధ్యాహ్నం, ఆమె నిద్రలో ఉండగా, అతను చుక్కాని పక్కకి తిప్పేశాడు. నారింజ తెరచాప గోరంత అయింది, చుక్కంత అయింది, మాయమైంది. ఇక రేడియో అందదు. పద్నాలుగు రోజుల తర్వాత మొదటిసారి అన్నం రుచిగా అనిపించింది.

ఆమె లేచి కంపాస్ చూసి అదిరిపడింది. "ఏమండీ, గాలి అటుంటే మనం ఇటు పోతున్నామేంటి?"

"నాకు తెలుసులే."

తిరిగి దారిలోకి వచ్చేసరికి మూడు పడవలు దాటిపోయాయి. రెండో స్థానం కాస్తా ఐదో స్థానమైంది.

"రెండేళ్ళ కష్టం కదండీ," అందామె. అంతే, మొహం అటు తిప్పుకుంది. అతనికి సిగ్గేసింది. కానీ వాడు దూరమయ్యాడనే ఏడుస్తోందేమో అన్న అనుమానం ఆ సిగ్గుని మింగేసింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే దగ్గర్లోనే నారింజ తెరచాప! మొదటి స్థానంలో ఉండాల్సిన పడవ, వీళ్ళకంటే వెనక.

వెతుక్కుంటూ వచ్చాడు వెధవ!

భార్య పడుకునే ఉంది. అతను రెండంగల్లో కేబిన్‌లోకి దిగి రేడియో అందుకున్నాడు. నోరు తెరిచేలోగా అవతలి నుంచే కేక వినపడింది.

"దొరికావయ్యా! రోజూ మా ఆవిడతో నీకేం కబుర్లు? నీకు అందకుండా పోదామని దారి మార్చి, ఉన్న స్థానం పోగొట్టుకున్నాను!"

"మీ ఆవిడతోనా? నేనా? మా ఆవిడతో మాట్లాడేది నువ్వు కాదూ?"



"అయితే... వాళ్ళిద్దరే..." అన్నాడు అవతలివాడు నీరసంగా.

"ఆఁ, మేమిద్దరమే," పరుపు మీంచి లేస్తూ అంది భార్య. "వచ్చే పందేనికి ఒకే పడవలో వెళ్తామని పేర్లు కూడా ఇచ్చేశాం. మీ ఇద్దరికీ బుద్ధులు బాగానే కలిశాయిగా, మీరూ ఓ పడవ చూసుకోండి!"