ఒక్క అక్షరమూ మారని తట్టు

ఒకరి నుంచి ఒకరికి అంటుకునేకొద్దీ తట్టు వైరస్ జన్యువుల్లో అక్షరాలు మారుతుంటాయి. చాకో అడవుల్లోని ఓ పల్లె నుంచి, టీకాలు వేసే ఎవారిస్తో అనే అతను పంపిన ఓ పిల్ల నమూనాలో మాత్రం ఒక్కటీ మారలేదు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట అదే ఊళ్లో తట్టుతో పోయిన నాలుగేళ్ల పిల్ల నమూనాతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఈ పిల్ల పేరు కూడా అదే, బెనీతా.

ఆ ఊరికి టీకాలు పంపాలో వద్దో పొద్దున్నకల్లా నేను తేల్చాలి. అర్ధరాత్రని కూడా చూడకుండా ల్యాబులోంచే ఎవారిస్తోకి ఫోన్ చేశాను.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ఇంటింటికీ తిరగమంటే పాత కార్డు చూసి రాసేశావా?"

"ఒట్టు డాక్టరమ్మా! పిల్లని చూసే రాశాను. రాత్రికి పడుకోడానికి వాళ్లింట్లోనే ఊయల కట్టుకున్నా. ఇదిగో, నా పక్కనే కూర్చుంది."

"అయితే ఇక్కడే ఎవడో రెండు నమూనాలూ కలిపేసుంటాడు. ఉండు, అదీ నేనే చూసి చావాలి."

ఫోన్ చెవికి ఆనించుకునే ఫ్రీజరు తలుపు తీశాను. బెనీతా పాత ట్యూబు అడుగు అరలో ఉంది. మూత మీద పేరుకున్న మంచు చెక్కుచెదరలేదు.

ఫోన్లో చిన్న దగ్గు, తర్వాత గుసగుస వినిపించాయి.

"ఏంటట?" అని విసుక్కున్నాను.

"చలేస్తోందట డాక్టరమ్మా. మేమిక్కడ ఉక్కపోతతో చస్తుంటే!" అన్నాడు ఎవారిస్తో. "ఆ తలుపు వేసెయ్యమని మీకు చెప్పమంటోంది."